టెంక, పిక్క, తొక్క

చాక్లెట్ అంటే ఏమిటో ఐరోపా సమాఖ్య ఒక చట్టం రాసుకుంది. 2000 జూన్ 23 నాటి ఆదేశం అది. దాని వెనక దాదాపు ముప్ఫై ఏళ్ల తగువు ఉంది. కోకో వెన్న తప్ప ఇంకో కొవ్వు కలిపితే దాన్ని చాక్లెట్ అనడానికి వీల్లేదని బెల్జియం, ఫ్రాన్స్. కాస్త కలుపుకుంటే ఏం పోయిందని ఇంగ్లండ్. చివరికి రాజీ కుదిరింది: 5 శాతం దాకా వేరే కొవ్వు కలుపుకోవచ్చు, అయితే ఆరు రకాల్లో ఒకటి అయివుండాలి. బోర్నియో ఇల్లిపె, పామాయిలు, గుగ్గిలం గింజల కొవ్వు, షియా, కోకం, ఆరోది మామిడి జీడి కొవ్వు.

జీడి అంటే జీడిపప్పు అనుకునేరు. మామిడిపండు తినేశాక మిగిలేది టెంక. ఆ టెంక పగలగొడితే లోపల తెల్లగా, వగరుగా ఉండేది జీడి. మనలో చాలామందికి ఆ రుచి తెలీదు. టెంకని నోట్లోంచి తీసి ఎటు విసురుదామా అని చూసే జాతి మనది.

ఆ ఆదేశం వచ్చిన పద్నాలుగు నెలలకి, 2001 ఆగస్టులో, మన సరిహద్దుకి అవతల ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో ఆదివాసులు చనిపోవడం మొదలైంది. ఒక్కొక్కరుగా రెండు పదుల మంది దాకా పోయారు. అందరూ తిన్నది ఒకటే: బూజు పట్టిన మామిడి జీడితో కాచిన అంబలి. అది ఆకలిచావు అని ప్రతిపక్షాలు, పత్రికలు, హక్కుల సంఘాలు అన్నాయి. కాదు, అది వాళ్ల ఆహారపు అలవాటు, విషాహారం వల్ల పోయారని ప్రభుత్వం అంది. ఆ సమయానికి దేశంలో ప్రభుత్వ గోదాముల్లో మూలుగుతున్న ధాన్యం ఐదు కోట్ల టన్నుల పైమాటే. ఆ ధాన్యం ఎవరికని అడుగుతూ పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ అదే ఏడు ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో వేసిన కేసునే తర్వాత 'ఆహార హక్కు కేసు' అన్నారు.

ఒకే జీడి. ఒకచోట నోట్లో కరిగే చాక్లెట్‌కి నునుపు. ఇంకోచోట శవపరీక్ష నివేదికలో కారణం.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు పాడేరు గురించి చదువుతున్నప్పుడు అనిపించింది. కాశీపూర్, పాడేరు రెండూ తూర్పు కనుమల్లోవే. అటు కోదులు, పరజలు. ఇటు కూడా కోదులు, పరజలు, వాళ్లతో పాటు భగతలు, వాల్మీకులు, కొండదొరలు, గదబలు. మధ్యలో రాష్ట్రాల గీత ఉందిగానీ మామిడిచెట్టుకి ఆ సంగతి తెలీదు. పాడేరు ఏజెన్సీలో కూడా టెంక అంబలి ఉంది. వానాకాలంలో టెంక అంబలి తాగి ఫలానా ఊళ్లో అస్వస్థత అనే వార్త విశాఖ పేపర్ల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ మనం చూసిందే.

పండ్ల వ్యర్థాల నుంచి సంపద అని ఈమధ్య తరచూ వింటున్నాం. రసం తీసే ఫ్యాక్టరీల దగ్గర గుట్టలుగా పడుండే తొక్కలు, టెంకలు, గింజలతో ఏం చేయొచ్చో చెప్పే పరిశోధనలకి కొదవ లేదు. మంచిదే. చిత్తూరు జిల్లాలో తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీలు సీజన్‌లో ఎంత తొక్కా టెంకా బయట పడేస్తాయో ఊహించండి: కాయ బరువులో మూడో వంతు నుంచి సగం దాకా గుజ్జు కానిదే. దాన్ని కుళ్లబెట్టడం కన్నా వాడుకోవడం నయం, అందులో తగువేం లేదు. నాకు పేచీ ఆ మాట చరిత్ర మొదలుపెట్టే చోట. ఏ ప్రయోగశాలా లేనప్పుడు టెంకని 'వ్యర్థం' అన్నదెవరు? కొండ మీద ఎవరూ అనలేదు.

ఆస్ట్రియా నుంచి వచ్చి నిజాం రాజ్యంలో ఏళ్ల తరబడి పనిచేసిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్, గోదావరి పాపికొండల్లోని కొండరెడ్ల మీద 1945లో ఒక పుస్తకం అచ్చువేశాడు. పేరు 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్'. అందులో కొండరెడ్ల తిండి గురించి చదివితే తెలుస్తుంది: ఏడాదిలో కొన్ని నెలలు పంట మీద, కొన్ని నెలలు అడవి మీద. జీలుగు చెట్టు మొదట్లో ఉండే పిండి, అడవి దుంపలు, మామిడి జీడి. మామిడిపండుకి పండగ చేశాక గానీ కొత్తకాయ ముట్టరు. పండు తిన్నాక టెంక పారేయరు. పండు పదిహేను రోజుల ముచ్చట, జీడి నాలుగు నెలల భరోసా.

ఆ భరోసా ఊరికే రాదు. పాడేరు వైపు చేసే పద్ధతి చెప్తాను. వేసవి చివర టెంకలు ఏరుకొచ్చి బాగా ఎండబెడతారు. వానలు పడే లోపు పగలగొట్టి జీడి తీసి, పైపొర ఒలిచి, మళ్లీ ఎండబెట్టి, పొయ్యి పైన పొగ తగిలేచోట దాస్తారు. కావలసినప్పుడు దంచి పిండి చేస్తారు. ఆ పిండిని అలాగే వండితే వగరు, కడుపులో నొప్పి. అందుకని గుడ్డలో మూటకట్టి పారే నీళ్లలో ఉంచుతారు, లేదా నీళ్లు మార్చి మార్చి నానబెడతారు. వగరంతా నీళ్లలో పోయాక చోడిపిండితో కలిపి అంబలి కాస్తారు. (చోడి అంటే రాగి. ఉత్తరాంధ్రలో రాగి అంటే లోహమే.)

ఇందులో ఒక్కో మెట్టుకీ రసాయనశాస్త్రం కారణం చెప్తుంది. వగరు అంటే టానిన్లు, అవి నీళ్లలో కరుగుతాయి. ఎండిన జీడిలో ఎక్కువ భాగం పిండిపదార్థం, పదో వంతుకి అటూ ఇటూగా కొవ్వు. తడి తగిలితే బూజు, బూజుతో విషం. అందుకే పొయ్యి పైన పొగలో దాచడం. ఎండా, పొగా, పారే నీరూ, వీటన్నిటికన్నా ముందు తీరికా కావాలి. ఆకలి మీద ఉన్నవాడికి లేనిది ఆ తీరికే. తడిసిన జీడిని, బూజు దులిపి, సరిగ్గా కడగకుండా, కలపడానికి చోళ్లు లేక ఉత్తదే వండుకుంటే అది పాత వంట కాదు. పాత వంట పేరుతో మిగిలిన ఇంకేదో. కాశీపూర్‌లో "అది వాళ్ల అలవాటండీ" అన్న అధికారుల మాటలో సగం నిజం ఉంది కాబట్టే అది అంత ఘోరంగా వినిపించింది. టెంక అంబలి అలవాటే. దానితో పాటు తినడానికి ఇంకేమీ లేకపోవడం అలవాటు కాదు. ఇంత జరిగాక కూడా 2024 అక్టోబరు, నవంబరుల్లో ఒడిశాలోనే కంధమాల్ జిల్లాలో మళ్లీ అదే అంబలి, అవే చావులు, మళ్లీ అదే వాదన.

ఇక చాక్లెట్ దారి. మామిడి జీడి కొవ్వు గది వేడిలో గట్టిగా ఉండి నోటి వేడికి కరుగుతుంది, అచ్చం కోకో వెన్నలాగా. 1983లో హైదరాబాద్ ప్రాంతీయ పరిశోధనశాల, ఇప్పటి ఐఐసీటీ, శాస్త్రవేత్తలు ఎన్నో రకాల మామిడి టెంకలు తీసుకుని ఏ రకంలో ఎంత కొవ్వుందో కొలిచి ప్రచురించారు. సాలగింజ తర్వాత ఈ గింజ మీద దేశంలోని నూనె పరిశ్రమకి కన్ను పడింది. కొవ్వు తీశాక మిగిలిన పిండిని పశువుల దాణాలో కలపొచ్చా అని కూడా చూశారు. కొండ మీద మనిషికి అన్నమైన భాగం మిల్లులో మిగులు, కొండ మీద ఎవరూ విడిగా లెక్కపెట్టని కొవ్వు మిల్లులో సరుకు. విలువ దొరకడమంటే చాలాసార్లు ఇలా తారుమారవడమే.

టెంక కథలో ధర మాట పెద్దగా రాలేదు, ఎందుకంటే కొండ మీద అది తిండి. ధర వచ్చింది చింతపిక్క దగ్గర.

చింతపిక్కని అష్టాచెమ్మా ఆడినవాళ్లు ఎరుగుదురు. ఒకవైపు గచ్చు మీద అరగదీసి తెలుపు తేలేదాకా రుద్దడం వేసవి సెలవుల్లో ఒక పెద్ద పని. ఆ తెలుపే పప్పు, దాని బంక లక్షణం మన చేతిపనుల వాళ్లందరికీ తెలుసు. కొండపల్లి బొమ్మకి చేతులూ కాళ్లూ అతికించే మక్కు చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపి చేసేది. చెర్యాల నకాషీల పటం గుడ్డకి పూత అదే, మాస్కుల ముద్ద కూడా అదే. దక్కన్ గొంగడి గట్టిగా నిలబడడానికి పట్టించే గంజి కూడా చింతపిక్కదే. కాబట్టి ఈ గింజ ఎవరో వచ్చి కనిపెట్టేదాకా ఊరికే పడి ఉండలేదు.

అయినా కనిపెట్టారు. 1942లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో ఎస్. కృష్ణ, టి.పి. ఘోష్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు చింతపిక్క నుంచి జామ్ గట్టిపడేలా చేసే పదార్థం తీయొచ్చని రాశారు. యాపిల్, నిమ్మ తొక్కల నుంచి తీసే పెక్టిన్‌కి బదులుగా. యుద్ధం రోజులు, దిగుమతులు కష్టం, అందుకని ఆ వెతుకులాట. మరుసటి ఏడు, 1943లో, చింతపిక్కల పిండి తయారీ వ్యాపారంగా మొదలైంది. కొన్నది నూలుమిల్లులు. మగ్గానికెక్కే ముందు పడుగుకి పెట్టే గంజి అప్పటిదాకా మొక్కజొన్న, బియ్యం లాంటి ధాన్యాల పిండితో చేసేవారు. ఆ పిండికి కరువొచ్చింది.

1943 అంటే బెంగాల్ కరువు. ఆ కరువు తీసుకుపోయిన ప్రాణాలు 30 లక్షలని అంచనా. తిండిగింజని గుడ్డకి పెట్టకుండా ఆపిన ఆ ప్రత్యామ్నాయాన్ని తప్పుపట్టలేను, నిజానికి అది జరగాల్సిన పనే. కాకపోతే, మామిడి జీడిలాగే చింతపిక్కని కూడా ఆకలి నెలల్లో వేయించి, నానబెట్టి, పొట్టు తీసి తిన్న మనుషులున్నారు. కరువు ఏడాది ఒక తిండిగింజని గంజి నుంచి విడిపిస్తూ ఇంకో తిండిగింజని గంజిలోకి పంపించాం. ఆ రెండో గింజ తిండి అని మిల్లుల వాళ్లకి తెలిసే అవకాశం లేదు. తెలిసినవాళ్లని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత చింతపిక్క ఎక్కని మెట్టు లేదు. అందులోని బంకకి శాస్త్రం పెట్టిన పేరు జైలోగ్లూకాన్. జపాన్‌లో దాన్ని శుద్ధిచేసి ఐస్‌క్రీముల్లో, సాస్‌లలో చిక్కదనానికి వాడతారు. ఇటలీలో దాన్ని కంటి చుక్కల్లోకి తెచ్చారు, కళ్లు పొడిబారే జబ్బుకి. కంటి మీద ఉండే సహజమైన జిగురుపొరలా అది అంటుకుని నిలుస్తుందట. రోజంతా ఫోన్ తెర చూసే మనకి ఆ చుక్కలు ఎప్పుడో ఒకప్పుడు పడే ఉంటాయి.

మరి పాడేరులో పిక్కకి ఎంత? ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. కొండవాళ్ల చింతపండు, కింద నుంచి వచ్చిన షావుకారు ఉప్పు, బట్ట: ఏజెన్సీ సంతల చరిత్రలో చాలా భాగం ఈ మారకమే. వడ్డీలూ భూములూ చేతులు మారడం ఎంత ముదిరిందంటే మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తేవాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత, 1956లో, విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. మనందరికీ జీసీసీ, గిరిజన్ తేనె సీసా మీద కనిపించే పేరు. అడవి సరుకు కొనాలి, ఉప్పూ పప్పూ సరసమైన ధరకి అమ్మాలి, షావుకారుని తప్పించాలి. 1979లో వచ్చిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టంతో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆ సరుకు కొనే గుత్త హక్కు దానికే దక్కింది. చింతపండు, అడ్డాకు, కొండచీపురు, కరక్కాయ, నల్లజీడి అన్నీ తూకం ఎక్కాయి. జీసీసీ మీద ఎన్ని ఫిర్యాదులున్నా, సంతలో తూకంరాళ్లు అనేవి నిజమైన రాళ్లుగా ఉండడానికి అది కొంత కారణం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 2020 మే నెలలో కేంద్రం సవరించిన మద్దతు ధరల పట్టీలో చింతపండు రెండుసార్లు కనిపిస్తుంది. పిక్కతో కిలో 36 రూపాయలు. పిక్క తీసింది కిలో 63 రూపాయలు. చూడగానే ఏమనిపిస్తుంది? పిక్క తీసి అమ్మితే దాదాపు రెట్టింపు, విలువ జోడింపు అంటే ఇదే కదా అని.

కాయలో గుజ్జు 55 శాతం, పిక్క 34 శాతం, మిగతా 11 శాతం పెంకూ పీచూ అని పాఠ్యపుస్తకాల లెక్క. పెంకు ఒలిచాక పిక్కతో ఉన్న కిలో చింతపండులో గుజ్జు 620 గ్రాములు, పిక్క 380 గ్రాములు అనుకుందాం. పీచు సంగతి వదిలేద్దాం. ఆ 620 గ్రాముల గుజ్జుకి 63 చొప్పున వచ్చేది 39 రూపాయలు. అంటే కిలో చింతపండుని ఎండబెట్టి, కర్రతో కొట్టి, ఒక్కో పిక్కా గిల్లి తీసినందుకు అదనంగా దక్కేది 3 రూపాయలు. ఇంకా 380 గ్రాముల పిక్క.

నేను ఈ లెక్క రెండుసార్లు వేశాను, తప్పు చేశానేమో అని. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లది. మార్చి, ఏప్రిల్‌లలో ఏ కొండ ఊరి అరుగు మీద చూసినా కనిపించేది. అరుగు మీద కూర్చున్న మనిషికి కూలీ గిట్టుబాటవుతుందా లేదా అన్నది గుజ్జు ధర మీద కాదు, ఆ పిక్క ధర మీద ఆధారపడి ఉంది. పిక్కకి మంచి ధర వస్తే ఒలవడంలో అర్థముంది. రాకపోతే పిక్కతోనే అమ్మేయడం తెలివైన పని. అప్పుడు పిక్క ఉచితంగా కొండ దిగుతుంది, గుజ్జు బరువులో కలిసిపోయి. దిగాక మైదానంలో ఎక్కడో దాన్ని వేరుచేసి, వేయించి, పొట్టు తీసి, పిండి చేసి, ఎగుమతి చేస్తారు. 'వ్యర్థం నుంచి సంపద' అప్పుడు మొదలవుతుంది, పాడేరు నుంచి బాగా దూరంలో.

టెంక, పిక్క రెండూ పాతవి. తొక్క మాత్రం కొత్తది.

కాఫీ ఈ కొండలది కాదు. బ్రాడీ అనే ఆంగ్లేయుడు 1898లో తూర్పుగోదావరి పాములేరు లోయలో నాటాడనీ, అక్కడి నుంచి మెల్లగా విశాఖ ఏజెన్సీకి పాకిందనీ చెప్తారు. స్వాతంత్ర్యం తర్వాత అటవీ శాఖా, కాఫీ బోర్డూ, ఐటీడీఏ కలిసి దాన్ని ఊరూరికీ తెచ్చాయి. పోడు మాన్పించడం, కొండని చెట్టు నీడలో ఉంచడం ఒక ఉద్దేశం. చెట్ల మీదికి మిరియం తీగ పాకించారు. ఇవాళ పాడేరు డివిజన్‌లో కాఫీ లక్ష ఎకరాలకు పైనే. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో కొట్టు తెరిచారు. ఇదంతా మనం గర్వంగా షేర్ చేసుకున్న సంగతే కాబట్టి వదిలేస్తాను.

మనం తాగేది గింజ. కాయేమో ఎర్రటి పండు, తొక్కలో తియ్యటి గుజ్జు. పండు బరువులో దాదాపు 40 శాతం ఆ తొక్కాగుజ్జే. రైతు ముందు రెండు దార్లు. ఒకటి, పండుని అలాగే ఎండబెట్టి 'చెర్రీ'గా అమ్మడం. రెండు, చేత్తో తిప్పే చిన్న పల్పర్‌లో వేసి తొక్క తీసి, గింజ పులియబెట్టి, కడిగి, ఎండబెట్టి 'పార్చ్‌మెంట్'గా అమ్మడం. రెండోదానికి ధర ఎక్కువ, నీళ్లూ ఎక్కువే. కడిగిన నీళ్లు తియ్యగా, పుల్లగా ఉంటాయి, వాగులో కలిస్తే నీటిలోని ఆక్సిజన్‌ని తినేస్తాయి. మూడు వస్తువుల్లోనూ నిజంగా 'వ్యర్థం' అనదగింది, వదిలేస్తే హాని చేసేది ఇదొక్కటే. కొండకి టెంకతో, పిక్కతో వందల ఏళ్ల పరిచయం ఉంది. ఈ తొక్కతో లేదు. తిండిగా, మందుగా, జిగురుగా దీన్ని వాడిన అమ్మమ్మలు ఇక్కడ లేరు.

ఇంకోచోట ఉన్నారు. యెమెన్‌లో కాఫీ పొట్టుని అల్లంతో మరిగించి తాగుతారు, ఖిష్ర్ అంటారు. గింజ అమ్ముకోవడానికి, పొట్టు తాగడానికి. ఇథియోపియాలోనూ ఆ అలవాటుంది. ఎండిన ఆ తొక్కనే ఇప్పుడు నగరాల కెఫేల్లో కస్కారా అనే స్పానిష్ పేరుతో అమ్ముతున్నారు. ఐరోపా సమాఖ్య 2022 జనవరిలో దాన్ని సమాఖ్యకి బయటి దేశపు సంప్రదాయ ఆహారంగా ఒప్పుకుని అనుమతించింది. బజారులోకి రావాలంటే ఇంకోచోట సురక్షితంగా తిన్న చరిత్ర చూపించాలి, పాతికేళ్లకు తక్కువ కాకుండా. అంటే యెమెన్ అమ్మమ్మల అలవాటు ఈసారి దస్తావేజుల్లోకి ఎక్కింది, సాక్ష్యంగా. కాశీపూర్‌లో అదే అలవాటు అనే మాట ఇంకో రకం దస్తావేజులోకి ఎక్కింది.

పాడేరు కొండల్లో తొక్క ఇప్పుడు చాలావరకు పేడతో కలిసి ఎరువుగుంతలోకి, అక్కణ్ణుంచి మళ్లీ కాఫీ మొక్కల మొదళ్లలోకి వెళ్తోంది. కొంత ఇంకా వాగుల్లోకే. ఈమధ్య ఇంకో మార్పు వచ్చింది: రైతు దగ్గర పండుగానే కొని, ఒకచోట పెద్ద యంత్రాల మీద పల్పింగ్ చేయడం. నాణ్యతకి అది మంచిది, రైతుకి పని తగ్గుతుంది, పండు పట్టుకెళ్లిన రోజునే లెక్క తేలుతుంది. ఇంట్లో పల్పర్ తిప్పుకునే రైతుకి మాత్రం వంద కిలోల పండుకి 40 కిలోల తొక్క పెరట్లో మిగులుతుంది. పండు అమ్మినవాళ్ల తొక్క పండుతో పాటే తూకమెక్కి, లారీ ఎక్కి, వెళ్లిపోతుంది.